నలభై ఒక్క అంశాల ఖిల్లా

దేశంలో చూడదగ్గ స్థలాలు లెక్కలేనన్ని ఉన్నాయి. అయితే అవి చూడదగ్గవని ప్రభుత్వం చెప్పేదాకా ఆ సంగతి వాటికి కూడా తెలియదు. దొనగుట్ట ఖిల్లాకు ఆరువందల ఏళ్లుగా తెలియలేదు. ఫిబ్రవరిలో పురావస్తు శాఖవారు 'తప్పక చూడవలసిన నూరు స్థలాలు' అనే రంగుల పుస్తకం అచ్చువేసి, ఎనభై ఏడో పేజీలో దానికి చోటిచ్చాక తెలిసింది. ముందు పేజీలో ఒక జలపాతం, వెనక పేజీలో ఒక గుహ, మధ్యలో మన ఖిల్లా. దానికి ఒక పెద్ద దర్వాజా, రెండు బురుజులు, వెనక గుట్ట, గుట్ట మీద వాననీళ్లు నిలిచే ఒక రాతి దొన. ఉన్నది అంతే. చూసేవాళ్లకు అది చాలేది.

ఆ ఖిల్లాకు వాచ్‌మన్ చీర్ల ఓదెలు. ఇరవై ఆరేళ్లుగా దినకూలీ కింద పనిచేస్తున్నాడు. అంటే ఇరవై ఆరేళ్లుగా ఆయన ఉద్యోగం ప్రతి పొద్దున కొత్తగా మొదలై ప్రతి సాయంత్రం ముగిసిపోతూ వచ్చింది. పర్మనెంటు చేయమని ఆయన పెట్టుకున్న దరఖాస్తులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే ఖిల్లాకు మూడో బురుజు అయ్యేది. ఇప్పుడు ఆయనకు యాభై తొమ్మిది. డిసెంబరు నెల సగంలో అరవై నిండుతాయి. ఆలోగా ఆర్డరు వస్తే బతికినన్నాళ్లు పింఛను. రాకపోతే రోజూ సాయంత్రం ఇంటికి పోయినట్టే ఒకరోజు పోవాలి, మర్నాడు రానక్కర్లేదని చెప్పే దిక్కు కూడా ఉండదు.

అందుకే డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు జీపు దిగుతూనే "ఓదెలూ, నీ ఫైలు కదిలింది" అన్నప్పుడు ఆయన చేతిలో చీపురు జారి కింద పడింది.

పరాంకుశం గారు మనిషి పొట్టి, వాక్యం పొడుగు. "అయితే ఇట్టి కదలికకు ఒక షరతు కలదు" అని ఆయన కొనసాగించారు. "నూరు స్థలాల జాబితాలో చేర్చబడిన ప్రతి స్థలమూ యథాతథ సంరక్షణ ఉత్తర్వు పరిధిలోనికి వచ్చి ఉన్నది. డిసెంబరు మొదటి వారంలో రాష్ట్రస్థాయి తనిఖీ సంఘం విచ్చేయును. ఆనాటికి నీ ఖిల్లా మా రిజిస్టరుతో నూటికి నూరు పాళ్లు సరిపోయినచో నీ సేవలు క్రమబద్ధీకరించబడును. ఒక్క అంశం తేడా వచ్చినా, చెప్పవలసి వచ్చినందుకు చింతిస్తున్నాము."

ఆ ఉత్తర్వు వెనక ఒక కథ ఉంది. ఎక్కడో ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి భక్తి పొంగి, తొమ్మిదివందల ఏళ్ల నాటి రాతి స్తంభాలకు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు వేయించి, కింద టైల్స్ పరిపించాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. శాఖ సిగ్గుపడింది. శాఖ సిగ్గుపడితే ఉత్తర్వు పుడుతుంది. ఇక మీదట ఏ కట్టడమూ గోరంత కూడా మారరాదు అన్నారు. దేనితో పోల్చి మారలేదనాలి అని ఎవరో గుమాస్తా అడిగాడు. బీరువాలు వెతికితే పాత సర్వే రిజిస్టర్లు దొరికాయి. వాటిలో ఎలా రాసి ఉంటే అలా ఉండాలన్నారు.

దొనగుట్ట రిజిస్టరు యాభై ఆరేళ్ల కిందటి అక్టోబరు నెలలో రాసింది. రాసిన సర్వేయరు పేరును చెదలు తినేశాయి, రాతను మాత్రం వదిలేశాయి. ఆయన మహా నిజాయితీపరుడు. కంటికి కనబడిందల్లా రాశాడు. మొత్తం నలభై ఒక్క అంశాలు.

పరాంకుశం గారు దర్వాజా నీడలో నిలబడి చదవసాగారు. "అంశం నాలుగు. పెద్ద దర్వాజా పై దూలపు రాతియందు నాలుగు వేళ్ల వెడల్పు గల పగులు ఒకటి. అంశం పదకొండు. కుడి బురుజుపై రావి మొక్క, మూడు అడుగులు."

"సారూ, గది ఇప్పుడు మొక్క కాదు. చెట్టయింది. దాని కింద పది మంది కూసోవచ్చు."

"అది చెట్టు చేసిన తప్పు. సరిదిద్దవలెను. అంశం పదిహేడు. గోడపై నల్ల మేక, కుడి చెవి తెలుపు, తూర్పు ముఖంగా నిలిచి ఉన్నది. అంశం ఇరవై మూడు. దర్వాజాకు ఎడమ వైపున సుమారు అరవై ఏండ్ల స్త్రీ, గంప, అందులో సీతాఫలములు ముప్పది."

"గా ముసలమ్మ నేను పనిలకు రాకముందే సచ్చిపాయె గద సారూ."

పరాంకుశం గారు ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పారు. "ఆమె మరణానికి శాఖ అనుమతి పొందినట్లు రికార్డులో ఎక్కడా లేదు. కావున ఆ స్థానం ఖాళీగా ఉన్నట్లు భావించి భర్తీ చేయవలెను. అంశం ముప్పై. లోపలి గోడపై బొగ్గుతో 'నర్సింలు వచ్చి పోయిండు' అను రాత. అంశం ముప్పై ఆరు. గుట్టపైని దొనయందు మోకాలి లోతు నీరు, కలువ పూలు మూడు."

"ఎండకాలంల గూడనా సారూ?"

"ఉత్తర్వులో ఎండాకాలం ప్రస్తావన లేదు" అని పరాంకుశం గారు జీపెక్కారు.

ఆ మధ్యాహ్నం ఓదెలు ఇంటికి వెళ్లేసరికి భార్య కనకవ్వ చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. విషయమంతా విని ఆమె ఆకు కత్తెర పక్కన పెట్టింది.

"నేను అరవై ఏండ్ల ముసల్దాన్నా? నాకు యాభై రెండే గదయ్యా!"

"డిసెంబర్ దాక ఇంకో ఎనిమిదేండ్లు కలుపుకోయే. తర్వాత మల్ల తీసేసుకో."

"మరి ఎవలన్న కొంటరా గా పండ్లు?"

"కొనుడు లేదు, అమ్ముడు లేదు. కూసుండుడే."

"కూసుంటే పింఛను వస్తదంటె కూసుంట. గింత సుకమైన పని ఇన్నేండ్లకు దొరికె" అంది కనకవ్వ. ఆమెకు నవ్వొచ్చింది. ఓదెలుకు రాలేదు. చేతికందిన దాన్ని చూసి నవ్వుకునే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది.

ఏప్రిల్ నెలలో సీతాఫలాలు ఎక్కడ దొరుకుతాయి? కుమ్మరి రాజయ్యను బతిమాలి మట్టితో ముప్పై కాయలు చేయించి పచ్చరంగు వేయించారు. కనకవ్వ జుట్టుకు ముగ్గుపిండి రాసుకుని దర్వాజాకు ఎడమ వైపు కూర్చుంది. మొదటి వారంలోనే పట్నం నుంచి ఒక జంట పుస్తకం పట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి గంప చూసి ముచ్చటపడి రెండు కాయలు ఇమ్మంది.

"ఇయ్యరాదు బిడ్డా" అంది కనకవ్వ. "ముప్పై ఉండాలె. రెండిస్తే ఇరవై ఎనిమిదైతయి. మా ఆయన పింఛను పోతది."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు గానీ పుస్తకంలో రిజిస్టరు చూసి గంప గురించి కూడా రాశారు కనుక ఫోటో తీసుకుని, తృప్తిగా లోపలికి వెళ్లింది. ఖిల్లా ఎంత పెద్దదో, ఎవరు కట్టారో ఆమె అడగలేదు. పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నాయా లేదా అని చూసుకోవడానికే ఆమెకు పూట పట్టింది.

రావిచెట్టును నరికించారు. దాని నీడలో పడుకునే గొర్రెలకాపరులు ఓదెలును నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లిపోయారు. చెట్టు పోయిన చోట సరిగ్గా మూడడుగుల రావి మొక్క తెచ్చి నాటారు. మేక కూడా దొరికింది. నల్లగా ఉంది, చెవి మాత్రం తెల్లగా లేదు. సున్నం పూశారు. గోడెక్కించి తూర్పు ముఖంగా నిలబెట్టారు. మేక కాసేపు తూర్పు చూసి, తర్వాత కుడి బురుజు మీదికి దూకి రావి మొక్కను మొదలంటా మేసేసింది.

ఓదెలు భయపడి పరాంకుశం గారికి కబురు చేశాడు. పైనుంచి జవాబు రాతపూర్వకంగా వచ్చింది. 'అంశం పదిహేడు, అంశం పదకొండును భక్షించినట్లు మా దృష్టికి వచ్చినది. రిజిస్టరులోని ఒక అంశము మరొక అంశమునకు హాని కలిగించుట తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. సదరు మేక నుండి సంజాయిషీ కోరవలెను.' సంజాయిషీ ఓదెలే రాసి మేక తరఫున వేలిముద్ర వేశాడు. మేకను తాడుతో కడదామంటే తాడు రిజిస్టరులో లేదు. అందుకని గోడ వెనక నక్కి కూర్చుని, ఒక చేత్తో తవుడు చూపిస్తూ, ఇంకో చేత్తో దాని వెనక కాలు పట్టుకోవడం ఆయన పని అయింది.

దొనకు నీళ్లు కావిళ్లతో మోశాడు. ఎండకు సగం ఆవిరైపోయేవి, మళ్లీ మోసేవాడు. పొద్దున మోకాలి దాకా ఉన్న నీళ్లు సాయంత్రానికి పిక్కల దాకా దిగేవి. తెచ్చి నాటిన కలువలు ఒకరోజు నాలుగు పూస్తే ఒకటి తెంపేసేవాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది బొగ్గురాత. ఇరవై ఆరేళ్లలో గోడల మీద పేర్లు రాసే ఎంతమందిని ఆయన కట్టె పట్టుకుని తరిమాడో! గోడలు ఆయనకు ఇంటి గోడల కంటే ఎక్కువ. అలాంటి మనిషి, ఆ రాత వానలకు ఎన్నడో చెరిగిపోయింది గనుక, బొగ్గు ముక్క పట్టుకుని 'నర్సింలు వచ్చి పోయిండు' అని తన చేత్తో తాను రాయవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన గుట్ట దిగి వస్తూ చూశాడు.

"సిగ్గు లేదా? ముసలితనంలో ఇదేం బుద్ధి? ఇక్కడ వాచ్‌మన్ అనేవాడు లేడా?"

"ఉన్నడు సార్" అన్నాడు ఓదెలు తలవంచుకుని. "నేనే."

ఆ పెద్దాయన ఆయనను పైనుంచి కిందిదాకా చూసి, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయాడు. ఇంకో నాలుగు తిట్టినా బాగుండేది. ఆ రోజు ఓదెలుకు అన్నం సయించలేదు. ఎవడీ నర్సింలు, ఒక్కసారి వచ్చి పోయినవాడికి గోడ మీద శాశ్వతంగా చోటుంది, ఇరవై ఆరేళ్లు పోకుండా ఉన్నవాడికి కాగితం మీద కూడా లేదు అనుకుని లోపల్లోపల కుమిలిపోయాడు.

జులైలో గట్టి వానలు పడ్డాయి. దర్వాజా పగులు పెరిగింది. ఓదెలు నిచ్చెన వేసుకుని తన వేళ్లు పెట్టి చూశాడు. అయిదు వేళ్లు దూరాయి. వారం తిరిగేసరికి ఆరు. వెంటనే కూలే ప్రమాదముందని, సున్నంతో పూడ్చి, కింద కర్ర దుంగలు నిలబెట్టాలని అర్జీ రాయించాడు.

పరాంకుశం గారు ఈసారి స్వయంగా వచ్చారు. "పగులును పూడ్చుట అనగా అంశం నాలుగును ధ్వంసం చేయుట. అది నేరము. పగులు తప్పక ఉండవలెను. అయితే నాలుగు వేళ్లు మాత్రమే ఉండవలెను."

"అది నేను చెప్తే ఇంటదా సారూ? రాయి కదులుతున్నది. నాకు చప్పుడు ఇనబడుతున్నది."

"చప్పుడు రిజిస్టరులో లేదు." పరాంకుశం గారు నిచ్చెన కింద నిలబడి చాలాసేపు ఆలోచించారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. "ఓదెలూ, నాలుగు వేళ్లు అని ఉన్నది. ఎవరి వేళ్లు?"

ఆ ప్రశ్న మీద శాఖలో మూడు సమావేశాలు జరిగాయి. నాటి సర్వేయరు వేళ్ల లావు ఎంతో ఎవరికీ తెలియదు గనుక, అవి లావుగా ఉండి ఉండవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించారు. జిల్లాలో కుస్తీలు పట్టే ఒక పహిల్వాన్‌ను వెతికి పట్టుకున్నారు. ఆయన వేళ్లు అరటిపండ్లలా ఉంటాయి. ఆయనకు 'గౌరవ ప్రామాణిక అంగుళీ నిపుణులు' అనే హోదా ఇచ్చి, శాలువా కప్పి, నిచ్చెనెక్కించారు. నాలుగు వేళ్లు పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. కింద చప్పట్లు కొట్టారు. పగులు నాలుగు వేళ్లేనని ధ్రువపత్రం రాసి సంతకాలు చేశారు.

సెప్టెంబరులో పహిల్వాన్ వేళ్లకూ రాయికీ మధ్య కొంచెం సందు కనబడింది. ఆయనను పూటకు పావుకిలో నెయ్యి తినమని కోరారు. అక్టోబరులో సందు ఇంకా పెరిగింది. నెయ్యి ఆయన పొట్టకు పట్టింది గానీ వేళ్లకు పట్టలేదు. వేళ్లకు గుడ్డ చుట్టి కొలవవచ్చునా అనే ఫైలు రాజధానికి వెళ్లి, చుట్టవచ్చు, కాని గుడ్డ ఖద్దరై ఉండవలెను అనే జవాబుతో తిరిగి వచ్చింది.

ఓదెలుకు మాత్రం కంటి మీద కునుకు లేదు. పగులులోంచి సన్నటి ఇసుక రాలుతోంది. ఒక పొద్దున గుప్పెడు, ఇంకో పొద్దున దోసెడు. దర్వాజాకు అడ్డంగా ముళ్లకంప వేశాడు. పరాంకుశం గారు వచ్చి తీయించేశారు. "ముళ్లకంప రిజిస్టరులో లేదు. పైగా పుస్తకంలో 'సందర్శకులు పెద్ద దర్వాజా గుండా ప్రవేశింతురు' అని స్పష్టంగా ఉన్నది. ప్రవేశించనీ."

"ఎవల మీదన్న పడితే సారూ?"

"పడినచో అప్పుడు పరిశీలించబడును."

డిసెంబరు మూడో తారీఖున తనిఖీ సంఘం వచ్చింది. అధ్యక్షులవారు, అయిదుగురు సభ్యులు, వాళ్ల వెనక సందడి కోసం శాఖవారు మూడు బస్సుల్లో తెచ్చిన సందర్శకులు. ఓదెలు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో ఎర్ర తువ్వాలతో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరవైకి ఇంకా పన్నెండు రోజులు.

ముందుగా సభ్యులు ఇద్దరు పక్కనున్న చిన్న దిడ్డివాకిలి గుండా లోపలికి వెళ్లి అన్నీ చూసి వచ్చారు. దొనలో నీళ్లు మోకాలి లోతు, సరే. కలువలు మూడు, సరే. నర్సింలు వచ్చి పోయిండు, సరే. బయట కనకవ్వ, గంప, కాయలు ముప్పై, సరే. గోడ వెనక నక్కిన కుమ్మరి రాజయ్య కాలు పట్టుకోగా మేక తూర్పు చూస్తోంది, మళ్లీ నాటిన మొక్క మూడడుగులు. ఒకదాని వెంట ఒకటి నలభై అంశాలకు సరే పడింది. పరాంకుశం గారు సంచిలోంచి ఓదెలు ఆర్డరు సగం బయటికి తీసి, ఆయనకు కనబడేలా పట్టుకున్నారు. టైపు కొట్టి, ముద్ర వేసి, సంతకానికి సిద్ధంగా ఉంది. ఇరవై ఆరేళ్ల తర్వాత ఓదెలు తన పేరును ప్రభుత్వం కాగితం మీద మొదటిసారి చూశాడు.

ఇక మిగిలింది అంశం నాలుగు. పహిల్వాన్ వేళ్లకు ఖద్దరు చుట్టుకుని సిద్ధమయ్యాడు. అధ్యక్షులవారు దర్వాజా కింద నిలబడి చూస్తామన్నారు. సందర్శకులు కూడా ఫోటోల కోసం ముందుకు తోసుకొచ్చారు.

అప్పుడు ఓదెలు పైకి చూశాడు. ఇసుక రాలడం లేదు, ధారగా పోస్తోంది. రాతిలోంచి కిర్రుమని చప్పుడు. ఆ చప్పుడు ఇంకెవరికీ వినబడలేదు, వాళ్లు ఆ రాళ్లతో ఇరవై ఆరేళ్లు బతకలేదు. నోరు మూసుకుని పది నిమిషాలు నిలబడితే చాలు, కాగితం చేతికొస్తుంది. ఆ పది నిమిషాలు దర్వాజా ఆగుతుందేమో కూడా. కాళ్లు మాత్రం ఆయన్ను అడక్కుండానే నడిచాయి. వెళ్లి దర్వాజా గడపకు అడ్డంగా, చేతులు బార్లా చాపి కూర్చున్నాడు.

"ఎవ్వలు లోపల అడుగు వెట్టద్దు! పోవాలంటె నా మీదికెల్లి పోవాలె!"

"ఓదెలూ! లే!" పరాంకుశం గారు అరిచారు. "కూర్చున్న మనిషి రిజిస్టరులో లేడు!"

"ఏమిటీ అదనపు అంశం?" అన్నారు అధ్యక్షులవారు కనుబొమలు ముడిచి. "నలభై రెండవదిగా కనబడుచున్నది. ఇది గంభీరమైన వ్యత్యాసం."

"ఎనుకకు పోండ్రి సారూ, మీ కాల్మొక్త! కూలుతున్నది!"

వాళ్లు వెనక్కి జరగడానికి కారణం ప్రాణభయం కాదు, తేడా గల స్థలంలో నిలబడి సంతకం చేయరాదన్న నియమం. కారణం ఏదైతేనేం, జరిగారు. కనకవ్వ మాత్రం నియమాలన్నీ వదిలేసి, గంప విసిరికొట్టి, పరుగున వచ్చి మొగుడి చొక్కా కాలరు పట్టి బరబరా లాగింది. ఇద్దరూ పది గజాల అవతల పడేసరికి ఆరువందల ఏళ్ల దర్వాజా ఒక్కసారి ఊగి, పెద్ద చప్పుడుతో నేలకు దిగింది. దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక లెక్క చూసుకుంటే ఎవరికీ గీత కూడా పడలేదు. మట్టి సీతాఫలాలు ముప్పై పగిలిపోయాయి.

ఓదెలు లేచి వెళ్లి ఆ రాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. మనుషులు బతికారు, సంతోషమే. కాని రోజూ పొద్దున తాను తడిమి చూసుకునే దర్వాజా పోయింది, ఆర్డరు పోయింది, పింఛను పోయింది, అన్నీ ఒక్క నిమిషంలో పోయాయి. మెడలోని ఎర్ర తువ్వాల నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కనకవ్వ నడుమున చేతులు పెట్టుకుని, జుట్టులో ముగ్గుపిండి రాలుతుండగా, శాఖను దాని తాతముత్తాతల నుంచి తిట్టడం మొదలుపెట్టింది.

తనిఖీ సంఘం జీపుల దగ్గర అత్యవసర సమావేశం జరిపింది. కట్టడం రిజిస్టరుకు భిన్నంగా ఉండరాదని ఉత్తర్వు. ఇప్పుడు ఉంది. కట్టడాన్ని తిరిగి కడితే అది కొత్త కట్టడమవుతుంది, అదీ కూడదు. అలాంటప్పుడు న్యాయంగా మారవలసింది ఏది? రిజిస్టరే మారాలని అధ్యక్షులవారు సెలవిచ్చారు. వెంట వచ్చిన సర్వేయరమ్మను పిలిచి, వెలుగు ఉండగానే ఉన్నది ఉన్నట్టు రాసేయమన్నారు. ఆమె కూడా నిజాయితీపరురాలు. ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయింది. కంటికి కనబడిందల్లా రాసి, సాయంత్రానికి అందరి సంతకాలూ తీసుకుంది.

వారం తర్వాత పరాంకుశం గారు కొత్త రిజిస్టరు నకలుతో వచ్చారు. ఓదెలు ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పరాంకుశం గారు నిలబడే చదివారు.

"అంశం ఒకటి. రాళ్ల కుప్ప. అంశం రెండు. కుప్పపై సుమారు అరవై ఏండ్ల పురుషుడు, ఖాకీ చొక్కా, ఎర్ర తువ్వాల, ఏడ్చుచున్నాడు. అంశం మూడు. పక్కన స్త్రీ, శాఖను తిట్టుచున్నది. తిట్లు అనుబంధంలో చూడవలెను." ఆయన కళ్లజోడు తీశారు. "అభినందనలు ఓదెలూ. నీవు ఇప్పుడు రక్షిత కట్టడంలో భాగము. పొద్దున పది నుండి సాయంత్రం అయిదు వరకు. నిన్ను కదిలించుటకు గానీ, మార్చుటకు గానీ ఇక ఎవరికీ అధికారం లేదు."

"మరి నా ఆర్డరు సారూ? అది నా పేరు మీదనే ఉండె గద. నేను చూసిన."

"నీవు వాచ్‌మన్‌గా ఉండగా తయారైనది. ఇప్పుడు నీవు అంశము. అంశమునకు ఉద్యోగము ఉండదు."

"జీతం?" అని అడిగింది కనకవ్వ లోపలినుంచి.

"ఇన్నాళ్లూ దర్వాజాకు జీతం ఇచ్చినామా అమ్మా?"

కనకవ్వ ఆయనను అనుబంధం ప్రకారమే తిట్టింది. పరాంకుశం గారు నకలుతో సరిచూసుకుని, రెండు తిట్లు అదనంగా ఉన్నాయని, పద్ధతి కాదని హెచ్చరించి వెళ్లారు.

ఓదెలు వెళ్లకుండా ఉండగలడా? వెళ్లకపోతే రక్షిత కట్టడంలో భాగాన్ని అపహరించినందుకు కేసు పెడతామని నోటీసు వచ్చింది. డిసెంబరు పదిహేనున ఆయనకు అరవై నిండాయి. ఆ రోజు కూడా పొద్దున్నే కుప్ప మీద కూర్చున్నాడు. ఖిల్లాకు కొత్త వాచ్‌మన్ వచ్చాడు. పేరు విద్యాసాగర్, నలభై ఏళ్లవాడు, రాజధాని నుంచి వచ్చాడు, నెమ్మదస్తుడు. వస్తూనే పెద్దవాడని ఓదెలుకు నమస్కారం పెట్టి, ఆయన చొక్కా మీద దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, తువ్వాల సరిచేశాడు. అవి అతని డ్యూటీలో మొదటి రెండు పనులు. మూడోది కొంచెం ఇబ్బందికరం.

"పెద్దయ్యా" అన్నాడు విద్యాసాగర్ మొహమాటపడుతూ. "బస్సు వస్తోంది. మీరు ఏడవడం లేదు."

"వస్తలేదు బిడ్డా. వారం సంది ఏడ్సి ఏడ్సి, నీళ్లు అయిపోయినయి."

"తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది పెద్దయ్యా. ఇంట్లో అమ్మకు బాగా లేదు."

ఓదెలు అతని ముఖంలోకి చూశాడు. ఆ భయం ఆయనకు బాగా తెలిసిందే. జాలి వేసింది. తువ్వాల కొస చేతిలోకి తీసుకుని అడిగాడు.

"నీ ఆర్డరు జేబుల ఉన్నదా?"

"ఉంది."

"ఒక్కసారి చదివి ఇనిపియ్యి."

విద్యాసాగర్ జాగ్రత్తగా మడతలు విప్పి చదివాడు. "దొనగుట్ట ఖిల్లాయందలి అంశం రెండు, అనగా ఏడ్చుచున్న పురుషుని సంరక్షణార్థం, విద్యాసాగర్ అను వారిని, పింఛను సదుపాయముతో సహా, శాశ్వత ప్రాతిపదికన..."

ఇంకా చదవనక్కర లేకపోయింది. బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లు పుస్తకంలో అంటించిన సవరణ కాగితం తీసి, ఓదెలును చూసి, అచ్చం రాసినట్టే ఉన్నాడని మెచ్చుకున్నారు.